మోదుగాకు తూకం

నాంచారమ్మకు కోపమొస్తే ఆ సంగతి ముందు ఇంట్లో గిన్నెలకే తెలిసేది. ఆ సాయంత్రం ఆమె నీళ్ల చెంబును గడప మీద పెట్టిన తీరుకు చెంబు మూతి సొట్టపోయింది, పొయ్యి పక్కన పడుకున్న పిల్లి గోడెక్కింది, చుట్ట కాలుస్తున్న మొగుడు బిక్షం ఆ చుట్టను వీపు వెనక్కి దాచాడు.

"దొంగదంట! మన సోమమ్మ దొంగదంట! ఆకు దాసుకుందంట! వాని నోట్లె మన్నువడ, నలుగుర్ల నిలవెట్టి అన్నడయ్యా ఆ మాట. నువ్వు ఈడ కూసోని పొగ ఇడుస్తున్నవ్!"

సోమమ్మ బిక్షం తమ్ముడు మల్సూర్ పెళ్లాం, నాంచారమ్మకు తోటికోడలు. మల్సూర్ మిర్యాలగూడెంలో ఒక బియ్యం మిల్లులో బస్తాలు మోస్తాడు, పండక్కో పబ్బానికో తప్ప ఊరికి రాడు. సోమమ్మ కోదాడ పిల్ల. కాపురానికొచ్చి పట్టుమని రెండేళ్లు కాలేదు, ఒళ్లో పాలు తాగే ఆడపిల్ల. ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య ముళ్లకంప దడి ఒక్కటే అడ్డం.

"సావుకారి ఊకెనే అంటడా?" అన్నాడు బిక్షం చివరికి. "తూకం తగ్గిందన్నరు గద."

"తగ్గితే? తగ్గితే దొంగతనమేనా? శుక్రారం నాడు ముత్యాలమ్మ గుడి కాడ తడిబట్టల తోటి ప్రమాణం చెయ్యాల్నంట. పిల్ల నెత్తి మీద చెయ్యి వెట్టి చెప్పాల్నంట. చెయ్యకుంటే డప్పు కొట్టిచ్చి ఊరంత సాటిస్తడంట దొంగదని. పటేలు సరేనన్నడు. మీ మొగోళ్లందరు తలకాయలూపిన్రు. నీ తలకాయ గూడ ఊగింది, నేను సూడలేదనుకున్నవా?"

బిక్షం ఆ తలకాయను ఇంకాస్త దించుకున్నాడు.

అసలు ఈ తూకం గొడవ ఎక్కడ పుట్టిందో చెప్పాలి. ఆత్మకూరు పక్కనున్న ఆ ఊళ్లో నాంచారమ్మ వాళ్లది గొర్రెలు కాచుకునే ఇల్లు. రజాకార్లు మందను తోలుకుపోయాక మళ్లీ గొర్రె కాలు ఆ దొడ్డిలో పడలేదు. పోలీసు చర్య అయి ఇంకా ఏడాది నిండలేదు. మగవాళ్లు దొరికిన కూలికి పోతున్నారు. ఆడవాళ్లకు దొరికింది ఆకు పని. సూర్యాపేట నుంచి వీరేశం అనే సావుకారి వచ్చి ఊరి బయటి అడవిలో మోదుగాకు గుత్తకు పట్టాడు. పెళ్లిళ్ల కాలం కాబట్టి విస్తళ్లకు గిరాకీ ఎక్కువ. పొద్దు పొడవకముందే ఆడవాళ్లు పోయి ఆకు తెంపుకొస్తారు. సావుకారి కొట్టం దగ్గర కాంటా మీద తూకం వేయించుకుని ఇంటికి తెచ్చుకుంటారు. పగలంతా కూర్చుని చీపురుపుల్లలతో విస్తళ్లు కుట్టి, పొద్దువాలాక వాటినీ, గిల్లేసిన తొడిమెల్నీ, చినిగిన ఆకుల్నీ అన్నీ మళ్లీ అదే కాంటా మీద పెట్టాలి. ఎండినందుకు కొంత తరుగు సావుకారి ఒప్పుకుంటాడు. అంతకుమించి తగ్గిందంటే ఆకు ఇంట్లో దాచి, సొంతంగా కుట్టి అమ్ముకున్నట్టే లెక్క.

ఇదివరకు ఇలా ఉండేది కాదు. విస్తళ్లను చేత్తో లెక్కపెట్టి తీసుకునేవాళ్లు. ఈ కాంటా పద్ధతి సావుకారి పోయిన చలికాలంలో తెచ్చాడు. తరుగు ఎంత ఉంటుందో కూడా అప్పుడే తేల్చాడు. మంచు కురిసే రోజుల్లో తన కొట్టం నీడలో ఆకు పరిచి, సాయంత్రం తూచి, ఇంతే తగ్గుతుంది అన్నాడు. ఆ చలికాలపు తరుగునే నిప్పులు చెరిగే వైశాఖంలో కూడా నడిపిస్తున్నాడు! చలికాలంలో కప్పుకున్న గొంగడిని ఎండాకాలంలో కూడా కప్పుకుని తిరుగుతాడా ఆ మనిషి? తిరగడు. తన ఒంటికైతే ఎండ తెలుస్తుంది.

ఆడవాళ్లు దీనిమీద నోరు విప్పి కొట్లాడలేదు. ఒక ఉపాయం చేశారు. కాంటాకు పోయేముందు విస్తళ్ల కట్టల మీద ఇన్ని నీళ్లు చిలకరించి గోనె కప్పేవాళ్లు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, ఎవరి తలుపు చాటున వాళ్లు చేశారు. అందరి తూకం సరిపోయింది. అది దొంగపని అని నాంచారమ్మకు ఒక్కనాడూ అనిపించలేదు.

సోమమ్మకు మాత్రం ఈ సంగతి తెలియదు. చెప్పాల్సింది దడి ఇవతలి మనిషి. నాంచారమ్మ చెప్పలేదు. సోమమ్మ వచ్చిన కొత్తలో నాంచారమ్మ కుట్టిన విస్తరిని వెలుతురుకు ఎత్తి చూసి, "మా కోదాడలో ఇన్ని సందులుంటే పప్పుచారంతా నేలకే కదక్కా" అని నవ్వింది. పదిమంది ఆడవాళ్లు విన్నారు. ఆ నవ్వు నాంచారమ్మ చెవిలో నుంచి పోలేదు. సోమమ్మ ఆకు పనిలో కొత్తగా చేరినప్పుడు, పెద్ద పనిమంతురాలు గదా, తనకు తనే తెలుసుకోనీ అని ఊరుకుంది. తెలుసుకునే లోపలే కాంటా పట్టేసింది. ఇప్పుడు తాను ఊరుకున్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాంచారమ్మ సావుకారిని ఇంకో రెండు తిట్లు ఎక్కువ తిడుతోంది.

దడి దాటి పోయేసరికి సోమమ్మ పిల్లకు పాలిస్తూ కూర్చుంది. ఆ ఇంటికి ముందు చూరు లేదు. రజాకార్ల కాలంలో తగలబడ్డది మళ్లీ కప్పనే లేదు. పగలంతా వాకిలి పెనంలా కాలుతుంది. అక్కడే కూర్చుని కుడుతుంది సోమమ్మ.

"ఎందుకక్కా అంత కేకలు?" అంది తల ఎత్తకుండా. "నేను తియ్యలేదు. తియ్యనప్పుడు ప్రమాణానికి భయమేంటి? చేసేస్తాను. పీడా పోతుంది."

"పీడ పోదు, పట్టుకుంటది!" నాంచారమ్మ ఆమె ఎదుట చతికిలపడింది. "మా మేనత్త గూడ గట్లనే అన్నది, తిరుమలగిరిల. ఎవరిదో కడియం పోతే ఈమె మీద వెట్టిన్రు. తియ్యలేదు గాబట్టి బరబర పోయి తడిబట్టల తోటి ప్రమాణం చేసొచ్చింది. చేసిన నెలకు ఇంట్ల ఆవును పాము కరిచింది. అయిపాయె! ప్రమాణం తగిలిందన్నరు. ఎన్కకు ఆ కడియం పోగొట్టుకున్నోళ్ల ఇంటి కప్పులనే దొరికింది. దొరికినంక ఏమన్నరో తెల్సా? కడియం దొరికితే దొరికిందిగని, ఆవు ఉత్తగనే సస్తదా అన్నరు. సచ్చేదాంక ఆమెకు ఆ పేరు పోలె."

సోమమ్మ చేయి తనకు తెలియకుండానే పిల్ల తల మీదికి వెళ్లింది. వైశాఖం అది. ఊళ్లో ఇప్పటికే ఇద్దరు పిల్లలకు అమ్మవారు పోసింది. రేపు ఈ పిల్లకు ఒళ్లు వెచ్చబడినా చాలు, ఊరంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంది. పిల్లకు ఏమన్నా అయితే, ఆ చావు కూడా సోమమ్మ ఖాతాలోనే రాస్తారు.

"మరేం చెయ్యమంటావు?" అంది సోమమ్మ. ఈసారి గొంతులో ఆ ధీమా లేదు.

"ఏం జెయ్యాల్నో నేను జేస్త. నువ్వు నోరు మూస్కోని పిల్లను సూస్కో" అని లేచింది నాంచారమ్మ. నిజానికి ఏం చేయాలో అప్పటికి ఆమెకే తెలియదు.

దారిలో తట్టింది. లక్ష్మీనర్సయ్య పంతులు! సూర్యాపేట బడిలో చదువు చెప్పే ఆయన, ఎండాకాలం సెలవులకు ఊరికొచ్చి ఉన్నాడు. మొన్న ఆయనింట్లో ఏదో వ్రతానికి విస్తళ్లు ఇవ్వడానికి పోయినప్పుడు పెరట్లో ఒక వింత చూసింది. మందార కొమ్మకు లాంతరు చిమ్నీ తొడిగి ఉంది, రెండు మూతులూ తడిపిన పిండితో మూసి. లోపల గాజుకంతా నీటి బొట్లు. ఎవరు పోశారు నీళ్లు అని అడిగితే, ఎవరూ పోయలేదు, మనకు చెమట పట్టినట్టే ఆకు తనలోని నీళ్లు బయటికి వదులుతుంది అన్నాడు పంతులు. అప్పుడు నవ్వుకుని వచ్చింది. ఇప్పుడు కొంగు బిగించి పరుగులాంటి నడకతో ఆ ఇంటికి పోయింది.

పంతులు అంతా విన్నాడు. "నిజమేనమ్మా. తెంపిన ఆకు గూడ అంతే, ఎండ తగిలినకొద్దీ నీళ్లు వదుల్తనే ఉంటది. ఇంత ఎండల చానా తగ్గుతది" అన్నాడు.

"గంతే అయ్యా, గా ముక్కే శుక్రారం గుడి కాడికొచ్చి చెప్పుండ్రి."

పంతులు కండువా సర్దుకున్నాడు. వాకిలి వైపు చూశాడు. "రోజులు బాగలేవు నాంచారమ్మా. నలుగుర్ల నిలవడి సావుకారి మీద మాట్లాడితే సంఘపోడు, కమ్యూనిస్టు అంటరు. మిలటరీ వాళ్లకు ఎవరన్న చెవిల వేస్తే నన్ను సూర్యాపేటల పట్టుకపోతరు. నాకూ పిల్లలున్నరు."

"సోమమ్మకున్నది పిల్ల గాదా?"

పంతులు కండువా కొసతో మెడ తుడుచుకున్నాడు.

నాంచారమ్మకు ఒళ్లు మండిపోయింది. చదువుకున్న మనిషని అయ్యా అయ్యా అంటూ వచ్చింది. "మందార చెట్టుకు చెమట పట్టిందని చెప్తరు, మీకు పట్టిన చెమటకు మాత్రం ఏ చిమ్నీ తొడగరు! మీరు రాకుంటే మానె, నలుగురికి కండ్లకు కనవడేటట్టు ఎట్ల జేయాల్నో గదన్న చెప్పుండ్రి. నేను జేస్త."

పంతులు సిగ్గుపడ్డాడో, తప్పించుకున్నందుకు సంతోషపడ్డాడో గానీ, లోపలికిపోయి ఒకే తీరు సీసాలు రెండు తెచ్చిచ్చాడు. ఓపిగ్గానే చెప్పాడు. రెండిట్లో సమానంగా నీళ్లు పోయాలి. ఒక దాంట్లో ఆకులున్న కొమ్మ, ఇంకో దాంట్లో ఆకులన్నీ దూసేసిన కొమ్మ పెట్టాలి. నీళ్ల మీద కొంచెం ఆముదం పోస్తే సీసా మూతి నుంచి నీళ్లు ఆరిపోవు. పోతే ఆకుల్లో నుంచే పోవాలి. రెండు సీసాల్నీ తక్కెడకు చెరో దిక్కు పెట్టి, తక్కువైన దిక్కున రాళ్లు వేసి సరిచేయాలి. "చూస్తుంటే ఆకులున్న దిక్కు తేలిపోతది" అన్నాడు.

నాంచారమ్మ దగ్గర తక్కెడ ఎక్కడిది? బిక్షం కావడి బద్దను తీసి నడుమ తాడు కట్టి ఇంటి దూలానికి వేలాడదీసింది. రెండు చివర్లా రెండు గంపలు. మోదుగ కొమ్మలు తెచ్చింది, సీసాలు సర్దింది, ఆముదం పోసింది, గులకరాళ్లతో సరిచేసింది. ఎవరి కంటా పడకూడదని తలుపు దగ్గరికి వేసి ముందు కూర్చుంది. దీపాలు పెట్టే వేళయింది. కావడి బద్ద కదలలేదు.

బిక్షం వచ్చి కాసేపు చూశాడు. "చెట్టుకు చెమట పట్టుడేందే నాంచారీ. పంతులు నిన్ను పిచ్చిదాన్ని చేసిండు."

"నువ్వు మాట్లాడకు! నిన్ను నా జన్మల మాట్లాడమన్ననా?" పంతులును తిట్టింది, సీసాల్ని తిట్టింది, మోదుగ చెట్టును తిట్టింది. తెల్లారి ఆ సరంజామా అంతా తిరిగి పంతులు ముఖాన కొట్టాలని వాకిట్లోకి ఈడ్చుకొచ్చి, పందిరి గుంజకు తగిలించి, మళ్లీ ఒకసారి రాళ్లు సరిచేసి చూసింది. చూసి, ఆకు వేళ మించిపోతోందని అడవికి పోయింది.

తిరిగొచ్చేసరికి ఎండ వాకిలంతా పరుచుకుంది. వడగాలి మొదలైంది. కావడి బద్ద ఒక పక్కకు ఒరిగి ఉంది. ఆకులున్న గంప పైకి తేలింది, మోడు కొమ్మ గంప కిందికి దిగింది. నాంచారమ్మ నెత్తిమీది ఆకు మోపు దించడం కూడా మరిచిపోయి నిలబడింది. ఇంట్లో, చీకట్లో పెడితే ఎట్లా కదులుతుంది? ఎండ కావాలి, గాలి కావాలి. తనకు అంతమాత్రం తోచనందుకు తననే తిట్టుకుంది.

సోమమ్మ పిల్లను చంకనేసుకుని వచ్చింది. నాంచారమ్మ గబగబా అంతా చెప్పింది. "సూసినవా? నువ్వు తియ్యలే. ఎండ తీసింది!"

సోమమ్మ గంపల వైపు చాలాసేపు చూసింది. "బాగానే ఉందక్కా. కానీ ఎండ అందరికీ ఒకటేగా. మిగతావాళ్ల తూకం సరిపోతోంది. నాకే ఎందుకు తగ్గింది?"

నాంచారమ్మ నాలుక మీదికి వచ్చిన మాటను మింగింది. "నీ వాకిట్ల నీడ లేదు గద" అంది. అది అబద్ధం కాదు. సగం నిజం.

ఆ మధ్యాహ్నం బావి దగ్గర ఆడవాళ్లను పట్టుకుంది. "శుక్రారం అందరం ఒక్కమాట మీద నిలవడదాం. తరుగు తప్పు, అందుకే నీళ్లు చిలకరిస్తున్నమని చెప్పుదాం. సోమమ్మ బయటపడుతది" అంది.

ఒక్కరు కూడా తల ఊపలేదు. అందరిలో పెద్దది ఈదమ్మ, చేదతాడు వదిలేసి మీదికొచ్చింది. "నీకేమన్న పిచ్చి లేసిందానే? నీళ్లు కొడుతున్నమని మనంతల మనం చెప్పుకోవాల్నా? నీ తోడికోడలు ఒక్కదాన్ని బయటెయ్యనీకె మా అందరి నోట్లె మన్ను కొడుతవా? ఒక్క మాట బయటికొచ్చిందనుకో, నీ ఇంటి మీద కాకి గూడ వాలకుంట చేస్తం."

"గట్లయితే ఆ పిల్ల ప్రమాణం చెయ్యాల్నా?"

"చెయ్యనీ. తియ్యకుంటె దానికేమైతది?"

మేనత్త కథ మళ్లీ చెప్పాలనుకుంది నాంచారమ్మ. ఈదమ్మ కుండ ఎత్తుకుని వెళ్లిపోయింది. మిగతావాళ్లు ఆమె వెనకే పోయారు. సరే, పోండి. మీ నీళ్ల మాట ఎత్తకుండానే గెలుస్తాను, నా దగ్గర సీసాలున్నాయి అనుకుంది నాంచారమ్మ. ఆ మాట అనుకున్నప్పుడు ఆమెకు కొంచెం హాయిగా కూడా అనిపించింది. నీళ్ల సంగతి సోమమ్మకు తెలియాల్సిన అవసరం లేకుండా పోతుంది కదా.

శుక్రవారం పొద్దు బాగా పైకెక్కాక ముత్యాలమ్మ గుడి ముందు జనం చేరారు. పటేలు అరుగు మీద కూర్చున్నాడు. వీరేశం సావుకారి తన కాంటాను కూడా బండిలో వేసుకొచ్చి వేపకొమ్మకు వేలాడదీశాడు. "నా కాంటా మీద అనుమానమున్నోళ్లు సూస్కోండ్రి. వెంట్రుకంత తేడా ఉంటె చెప్పుతోటి కొట్టుండ్రి" అన్నాడు గుండె మీద చెయ్యి వేసుకుని. పంతులు జనం వెనకాల, ఎవరికీ కనపడని చోట నిలబడ్డాడు.

సోమమ్మను బావి దగ్గర నిలబెట్టి నెత్తిన రెండు కుండలు పోశారు. చీర ఒంటికి అంటుకుపోయి, జుట్టు నుంచి నీళ్లు కారుతూ ఆమె గుడి ముందుకు నడిచింది. తడిచేతుల్లో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. పూజారి కర్పూరం వెలిగించాడు. సోమమ్మ చెయ్యెత్తి పిల్ల తల మీద పెట్టింది. పెదవులు కదిలాయి.

"ఆగు!" అని నాంచారమ్మ జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వచ్చింది. "ఆ చెయ్యి తియ్యి ముందు! పటేలా, ఒక్కటి సూపిస్త. సూసినంక మీరేం జెయ్యమంటె అది జేస్తం."

"నీకేం సంబంధమే?" అన్నాడు సావుకారి.

"నీ కాంటాకు సంబంధం. వెంట్రుకంత తేడా లేదంటివి గద. దాని మీదనే సూపిస్త. భయమైతుందా?"

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. పటేలుకు కూడా ఆ ఎండలో కాలక్షేపం కావాలనిపించిందేమో, చెయ్యి ఊపాడు. నాంచారమ్మ సీసాలు తెచ్చి కాంటా పళ్లేల్లో పెట్టింది. ఆకుల కొమ్మ ఒక దిక్కు, మోడు కొమ్మ ఒక దిక్కు. "నేను రాళ్లేస్తె మాయజేసిన్నంటవు. నువ్వే వెయ్యి" అంది సావుకారితో. ఆయన విసుక్కుంటూనే గులకరాళ్లు వేసి ముల్లు నడిమికి తెచ్చాడు. ఎవరూ దగ్గరికి రాకూడదని పటేలు గీత గీయించాడు.

ఎండ మండుతోంది. డప్పు కొట్టేవాడు డప్పు పక్కన పెట్టి చుట్ట ముట్టించాడు. పిల్ల ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. సోమమ్మ చీర అంచుల నుంచి కారడం ఆగింది. ముందు పటేలే చూశాడు. ముల్లు పక్కకు జరిగింది. ఆకుల పళ్లెం మెల్లగా లేస్తోంది.

"ఎవరన్న ముట్టిన్రా?" అన్నాడు పటేలు.

"ఎవ్వరు ముట్టలే" అన్నారు జనం.

"ఆకు నీళ్లు ఇడిసింది పటేలా! నీళ్లల్ల పెట్టిన కొమ్మనే ఇంత ఇడిసింది. మరి తెంపిన ఆకు పొద్దుందాంక ఈ ఎండల ఉంటె ఎంత ఇడుస్తది? ఈయనేమో చలికాలం నాటి తరుగు పట్టుకోని పసిపిల్ల నెత్తి మీద ఒట్టు వేయిస్తున్నడు. ఎవరు దొంగ?"

పటేలు గడ్డం గోక్కున్నాడు. జనం గుసగుసలాడారు. నాంచారమ్మకు గెలిచేసినట్టే అనిపించింది. వీరేశం సావుకారి మాత్రం కాంటా వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ మనిషికి వ్యాపారం ఊరికే రాలేదు. మెల్లగా ఆయన ముఖం వెలిగింది.

"మంచిది. ఒప్పుకున్న. ఆకు నీళ్లు ఇడుస్తది. మరి నువ్వు జెప్పు నాంచారమ్మా, మిగిలిన ఆడోళ్ల తూకం రోజు ఎట్ల సరిపోతున్నది? మీ ఆకు ఇడుస్తలేదా?" ఆయన ఆడవాళ్ల వైపు తిరిగాడు. "అంటే మీరంత నా ఇస్తార్ల మీద నీళ్లు కొట్టిన్రు! ఇది ఒక్కతే దొంగ గాదు. మీరంత దొంగలే!"

ఈదమ్మ నాంచారమ్మను చూసిన చూపుకు పచ్చిగడ్డి కూడా భగ్గుమనేది. సోమమ్మ కూడా తిరిగి చూసింది. ఆ చూపును నాంచారమ్మ తప్పించుకుంది.

ఇక దాచడానికి ఏమీ లేదు.

"కొట్టిన! అవు, నేను కొట్టిన నీళ్లు! రోజు కొట్టిన! ఎండ ఎత్తుకపోయినదాన్ని బావిల నుంచి చేదుకొచ్చి నీకిచ్చిన. నీ సొమ్ము ఆకంత తినలే. నువ్వు తప్పుడు తరుగు పెట్టి మమ్ములను దొంగలను చేసినవ్. కొట్టినోళ్లమంత మంచోళ్లమైనం, కొట్టని పిల్ల దొంగదైంది! ప్రమాణం కావాల్నా నీకు? నాకు చేయించు ముందు!"

గుడి పక్కనున్న నీళ్ల కుండ ఎత్తి నెత్తిన కుమ్మరించుకుంది. కుండను నేలకేసి కొట్టింది. "రా! ఏం ప్రమాణం చెయ్యాల్నో చెప్పు!"

ఈదమ్మ, "నీ నోరు పడిపోను, మా కొంపలు ముంచితివి గదనే" అని తిట్టుకుంటూనే బావి దగ్గరికి పోయింది. చేదతో నీళ్లు తోడి తన నెత్తిన పోసుకుంది. తిట్టుకుంటూనే వచ్చి నాంచారమ్మ పక్కన నిలబడింది. ఆ తర్వాత ఇంకొకామె పోయింది. తర్వాత అందరూ పోయారు. గుడి ముందు నేలంతా బురద అయింది. తడిసిన ఆడవాళ్లు బారుగా నిలబడి సావుకారి వైపే చూశారు.

"చేయించు సావుకారీ, అందరికి చేయించు" అంది ఈదమ్మ. "చేసినంక ఒక్కతి గూడ నీ ఆకు ముట్టదు. సూర్యాపేట పెండ్లిళ్లల్ల బంతికి ఏం పరుస్తవో పరువు."

సావుకారి పటేలు ముఖం చూశాడు. పటేలు ఆకాశం వైపు చూశాడు. చివరికి పటేలే లేచి, "ప్రమాణం లేదు గిమానం లేదు. మునుపటి లెక్కన ఇస్తార్లు లెక్కవెట్టి తీస్కో వీరేశం. అందరు ఇండ్లకు పోండ్రి" అన్నాడు. డప్పువాడు డప్పు చంకన పెట్టుకుని ముందే జారుకున్నాడు.

సావుకారి కాంటా విప్పి బండెక్కబోతుంటే నాంచారమ్మ ఎద్దుల ముందుకు పోయి నిలబడింది. "ఆ పిల్ల దొంగ గాదని నీ నోటి తోటి చెప్పి పో."

ఆయన పళ్లు కొరికాడు. "గాదు, గాదు. పక్కకు జరుగు" అన్నాడు. అంతమాత్రం మాట కూడా ఎద్దులకు చెప్పినట్టే చెప్పాడు.

ఇంటికి వచ్చే దారిలో నాంచారమ్మ నోరు ఆగలేదు. సావుకారి ముఖం ఎట్లా మాడిందో, పటేలు ఎట్లా ఆకాశం చూశాడో చెప్పి చెప్పి నవ్వింది. బట్టలు ఒంటి మీదే ఆరిపోయాయి. సోమమ్మ ఊ కొట్టలేదు. పిల్లను భుజానేసుకుని రెండడుగులు ముందే నడిచింది. దడి దగ్గరికి వచ్చాక ఆగింది.

"అక్కా, రోజూ నీళ్లు చిలకరించేదానివా?"

నాంచారమ్మ నవ్వు ఆగిపోయింది.

"నేను ఆ ఎండలో కూర్చుని కుట్టడం రోజూ చూశావు. నా తూకం తగ్గుతుందనీ తెలుసు. గుప్పెడు నీళ్లక్కా. ఈ దడి మీద నుంచి ఒక్క మాట చెప్పొచ్చుగా." సోమమ్మ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాంచారమ్మ కూడా పెంచి ఉండేది. "నా పిల్ల తల మీద చెయ్యి పెట్టేదాకా ఆగావు."

సోమమ్మ లోపలికి పోయి తడిక వేసుకుంది.

నాంచారమ్మ తన వాకిట్లో నిలబడింది. సావుకారి బండి వెళ్లిపోయింది. ఈదమ్మ తన పక్కన నిలబడింది. పంతులు చెప్పింది చెప్పినట్టే జరిగింది. కోపం తెచ్చుకోవడానికి ఇంకెవరైనా మిగిలారా అని చూసింది. గడప మీద బిక్షం కూర్చుని, ఆమె రాగానే భయంగా చుట్ట దాచుకున్నాడు. ఆమె అతన్నేమీ అనలేదు. సొట్టపోయిన చెంబుతో నీళ్లు ముంచుకుని తాగి, చప్పుడు కాకుండా దాన్ని కింద పెట్టింది.